అమ్ముడుపోని ఫ్లాట్లు, అందని ఇళ్లు: హైదరాబాద్ గృహ సరఫరాపై ఎవరి లెక్క ఏమిటి?

హైదరాబాద్‌లో ఇళ్లు ఎక్కువయ్యాయా, తక్కువయ్యాయా? స్థిరాస్తి మార్కెట్‌ను గమనించే సంస్థలను అడిగితే, నగరంలో అమ్ముడుపోని ఫ్లాట్లు లక్షకు అటూ ఇటుగా ఉన్నాయంటాయి. జీహెచ్‌ఎంసీ దస్త్రాలు తిరగేస్తే, డబుల్ బెడ్‌రూం ఇళ్ల కోసం వచ్చిన దరఖాస్తులే సుమారు 7 లక్షలు కనిపిస్తాయి. రెండూ ఒకే నగరం లెక్కలు, రెండూ నిజమే.

అమ్ముడుపోని ఫ్లాట్ అంటే తాళం వేసి ఉన్న ఖాళీ ఇల్లని అనుకోకూడదు. పునాది తవ్వుతున్న టవర్‌లో ఇంకా బుక్ కాని ముప్ఫయ్యో అంతస్తు ఫ్లాటూ ఆ లెక్కలోకే వస్తుంది. పైగా హైదరాబాద్‌లో కొత్తగా కడుతున్న ఫ్లాట్ల సగటు వైశాల్యం దేశంలోని పెద్ద నగరాల్లో అతి ఎక్కువ ఉన్నవాటిలో ఒకటి, 2,000 చదరపు అడుగుల పైమాటే. రెండు గదుల ఇంటికి దరఖాస్తు పెట్టుకున్న ఆటో డ్రైవరు, ఈ ఫ్లాట్ కట్టిన బిల్డరు ఒకరికొకరు ఎప్పుడూ ఎదురుపడరు. ఒకరికి కావలసింది ఇంకొకరు కట్టడం లేదు, ఒకరు కట్టింది ఇంకొకరు కొనలేరు.

అయినా రాజకీయ వేదికల మీద ఈ రెండింటికీ కలిపి ఒకే మాట వాడతారు: ‘ఇళ్లు’. ఒక పార్టీ కట్టిన ఇళ్లు చెబుతుంది, మరో పార్టీ మంజూరు చేసిన ఇళ్లు చెబుతుంది, మూడో పార్టీ ఇచ్చిన డబ్బు చెబుతుంది. వినేవాడికి మిగిలేది గందరగోళం. చిక్కుముడి విప్పాలంటే ముందుగా ప్రభుత్వం ఏయే పనులను ‘ఇళ్ల సరఫరా’ అంటోందో విడదీసి చూడాలి.

ప్రభుత్వం చేతిలో ఉన్న మూడు మార్గాలు

మొదటిది, ప్రభుత్వమే కట్టి ఇవ్వడం. హైదరాబాద్‌కు ఇది కొత్త కాదు. 1908 మూసీ వరదల తరువాత, 1912లో నిజాం ప్రభుత్వం సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డును ఏర్పాటు చేసింది. ఇరుకు బస్తీలను తొలగించి ఇళ్లు కట్టించడం ఆ బోర్డు పనుల్లో ఒకటి. ఆ తరువాత హౌసింగ్ బోర్డు వచ్చింది, కూకట్‌పల్లిలో కేపీహెచ్‌బీ కాలనీ వెలిసింది. ఇప్పటి డబుల్ బెడ్‌రూం పథకం కూడా ఈ కోవలోదే.

రెండవది, కట్టుకునేవారికి డబ్బు ఇవ్వడం. ఇందిరమ్మ ఇళ్లు ఈ పద్ధతిలో నడుస్తాయి. స్థలం, మేస్త్రీ, ఇసుక బాధ్యత లబ్ధిదారుడిది. పని పూర్తయిన దశను బట్టి ప్రభుత్వం ఖాతాలో డబ్బు వేస్తుంది.

మూడవది, ప్రైవేటువారు కట్టేందుకు దారి సులువు చేయడం. అనుమతుల నిబంధనలు సడలించడం, ప్రభుత్వ భూములు వేలం వేయడం, వ్యవసాయ లేదా పారిశ్రామిక భూమిని నివాస వినియోగానికి మార్చడం ఇందులోకి వస్తాయి. ఇది పథకంలా కనిపించదు, ఫోటోలో లబ్ధిదారుడు ఉండడు. నగరంలో ఇళ్ల సంఖ్యను ఎక్కువగా మార్చేది మాత్రం ఇదే.

మొదటి మార్గంలోనే ఒక ఉపకథ ఉంది. మధ్యతరగతి కోసం వైఎస్ హయాంలో మొదలైన రాజీవ్ స్వగృహ టవర్లు బండ్లగూడలో, పోచారంలో ఏళ్ల తరబడి అమ్ముడుపోక మిగిలిపోయాయి. చివరికి 2022లో లాటరీ పెట్టి అమ్మకానికి దిగారు. అమ్ముడుపోని ఫ్లాట్ల బెడద ప్రైవేటు బిల్డర్లకే పరిమితం కాదన్నమాట.

560 చదరపు అడుగుల వాగ్దానం

తెలంగాణ ఏర్పడ్డాక కేసీఆర్ ప్రభుత్వం తెచ్చిన డబుల్ బెడ్‌రూం పథకం వెనుక ఉన్న వాదన సూటిగా ఉండేది. పాత ప్రభుత్వాలు కట్టించిన ఒంటి గది ఇళ్లలో కుటుంబం ఎలా ఉంటుంది? బిడ్డా అల్లుడూ వస్తే ఎక్కడ పడుకుంటారు? కేసీఆర్ సభల్లో పదేపదే వేసిన ప్రశ్న ఇదే. దానికి జవాబుగా 560 చదరపు అడుగుల్లో హాలు, వంటగది, రెండు పడక గదులు, రెండు మరుగుదొడ్లతో నమూనా తయారైంది. లబ్ధిదారుడు ఒక్క రూపాయి కూడా కట్టనవసరం లేదన్నారు. 2015 నవంబరులో సికింద్రాబాద్ దగ్గర ఐడీహెచ్ కాలనీలో 396 ఇళ్లతో తొలి కాలనీ ప్రారంభమైంది.

ఐడీహెచ్ కాలనీ ఎందుకు అంత బాగా కుదిరిందో చూస్తే, మిగతా పథకం ఎక్కడ తడబడిందో తెలిసిపోతుంది. అక్కడ పాత బస్తీని తీసి, అదే స్థలంలో కట్టి, అక్కడివారికే ఇచ్చారు. పిల్లల బడి, పనికి వెళ్లే చోటు, అరువిచ్చే కిరాణా కొట్టు ఏవీ మారలేదు. అలాంటి స్థలాలు నగరం నడిబొడ్డున ఎన్ని దొరుకుతాయి? ఉన్నచోట కూడా బస్తీవారిని ఒప్పించి, ఖాళీ చేయించి, కట్టేదాకా అద్దె ఇళ్లలో ఉంచాలి. ఒకసారి ఖాళీ చేస్తే మళ్లీ ఇస్తారో లేదోనన్న భయం వారిది. ఆ భయానికి కారణం లేకపోలేదు.

దాంతో జీహెచ్‌ఎంసీకి లక్ష ఇళ్ల లక్ష్యం పెట్టుకున్న ప్రభుత్వం పెద్ద స్థలాల కోసం శివార్లకు వెళ్లింది. వాటిలో అన్నిటికన్నా పెద్దది సంగారెడ్డి జిల్లా కొల్లూరులో, ఔటర్ రింగ్ రోడ్డు దగ్గర ఉంది. 117 బ్లాకులు, 15,660 ఇళ్లు. 2023 జూన్ 22న ప్రారంభించారు. ఒక్క ఆవరణలో ఒక చిన్న పట్టణమంత జనాభా.

ఇప్పుడు అక్కడ ఇల్లు వచ్చిన ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. నగరంలో నాలుగిళ్లలో పాచిపని చేసే తల్లి, నెలకు ఒక్కో ఇంటి నుంచి మూడు వేలు, మొత్తం పన్నెండు వేలు. నగరం నడిబొడ్డు నుంచి కొల్లూరు పాతిక, ముప్ఫై కిలోమీటర్లు. ఉదయం ఆరున్నరకు మొదటి ఇంటికి చేరాలంటే ఎన్ని గంటలకు బస్సెక్కాలి? అద్దె రూపంలో నెలకు ఐదు వేలు మిగులుతాయి, నిజమే. దూరం కారణంగా రెండిళ్ల పని వదులుకుంటే పోయేది ఆరు వేలు. మహిళలకు ఆర్టీసీ బస్సులో ప్రయాణం ఉచితమే కావచ్చు, మూడు గంటల సమయం ఉచితం కాదు. లాటరీలో ఇల్లు వచ్చినవారు కొందరు తాళం వేసి నగరంలోనే అద్దెకు ఉండిపోవడం, లేదా నిబంధనలకు విరుద్ధంగా ఇతరులకు అద్దెకు ఇచ్చేయడం వెనుక ఉన్నది ఈ చిన్న కూడిక, తీసివేతే. వారిని అక్రమార్కులని తిట్టడం తేలిక.

తొమ్మిది అంతస్తుల భవనానికి లిఫ్టు నడపాలి, మోటారు తిప్పాలి, మురుగు తీయించాలి. ఇల్లు ఉచితంగా ఇచ్చినా ఈ నెలవారీ ఖర్చు ఆగదు. కాలనీలో దుకాణాలు కట్టి వాటి అద్దెతో నిర్వహణ జరిపించాలన్నది ఆలోచన. దుకాణం నడవాలంటే ముందు కాలనీ నిండాలి.

హైదరాబాద్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది?

ఇళ్ల లెక్కలపై రాజకీయ వివాదం ఎలా ఉంటుందో చూడాలంటే 2020 సెప్టెంబరును గుర్తు చేసుకోవాలి. లక్ష ఇళ్లు ఎక్కడ కట్టారో చూపించండని అప్పటి కాంగ్రెస్ శాసనసభాపక్ష నేత భట్టి విక్రమార్క అసెంబ్లీలో నిలదీశారు. మరునాడే మంత్రి తలసాని శ్రీనివాస్ యాదవ్ ఆయన ఇంటికే వెళ్లి, కారులో ఎక్కించుకుని, ఒక్కో కాలనీ చూపించడం మొదలుపెట్టారు. తెలుగు టీవీ చానళ్లకు అది పండుగ. రెండో రోజుకు కథ అడ్డం తిరిగింది. చూపిస్తున్నవి నగరం బయట ఉన్నాయి, హైదరాబాద్ పేరు చెప్పి తుక్కుగూడ చూపిస్తే ఎలా అని భట్టి పర్యటన విరమించుకున్నారు. నగరంలో స్థలం లేనప్పుడు నగరవాసుల కోసం పక్కనే కడితే తప్పేమిటన్నది మంత్రి జవాబు.

వినోదంగా కనిపించినా, ఇద్దరూ చెప్పినదాంట్లో విషయం ఉంది. ఇల్లు ఎక్కడ ఉందన్నదాన్ని లెక్కలోంచి తీసేస్తే ప్రభుత్వం లక్ష్యానికి దగ్గరగా వచ్చింది. దాన్ని కలిపితే చాలా వెనకబడింది. 2023 ఎన్నికల ముందు లాటరీ తీసి విడతలవారీగా పంపిణీ చేసినప్పుడు కూడా, పాతబస్తీలో దరఖాస్తు చేసుకున్నవారికి శివారులో ఇల్లు తగలడం మామూలు విషయమైంది.

బీఆర్‌ఎస్ వాదన ఏమిటంటే, దేశంలో ఏ రాష్ట్రమూ పేదలకు ఇంత పెద్ద ఇల్లు పూర్తి ఉచితంగా ఇవ్వలేదు. గ్రామాల్లో ఇంటికి 5.04 లక్షలు, పట్టణాల్లో 5.30 లక్షలు, జీహెచ్‌ఎంసీలో అంతకంటే ఎక్కువ ఖర్చు పెట్టారు. కాంగ్రెస్ వాదన ఏమిటంటే, ఇంటి నాణ్యత పేరు చెప్పి పదేళ్లలో చాలా తక్కువమందికి ఇచ్చారు, అదే డబ్బుతో ఎక్కువమందికి అందించవచ్చు. గృహనిర్మాణ విధానంలో ఇది పాత తగాదా. కొద్దిమందికి పూర్తి ఇల్లా, ఎక్కువమందికి పాక్షిక సాయమా? రెంటిలో ఏది సరైనదో ఆర్థికవేత్తలు కూడా ఒక్కమాటగా చెప్పరు.

ఐదు లక్షలు సరే, అరవై గజాలు ఎవరిస్తారు?

రేవంత్ రెడ్డి ప్రభుత్వం రెండో దారి ఎంచుకుంది. 2024 మార్చి 11న భద్రాచలంలో ఇందిరమ్మ ఇళ్ల పథకాన్ని ప్రారంభించింది. నియోజకవర్గానికి 3,500 ఇళ్ల చొప్పున తొలి విడత. ఇంటికి 5 లక్షల రూపాయలు, నాలుగు దశల్లో. కనీసం 400 చదరపు అడుగుల్లో కట్టాలి, 600 దాటకూడదు. దరఖాస్తులను మూడు జాబితాలుగా విడగొట్టారు: సొంత స్థలం ఉండి ఇల్లు లేనివారు ఎల్-1, స్థలమూ ఇల్లూ లేనివారు ఎల్-2, మిగిలినవారు ఎల్-3.

పల్లెల్లో ఎల్-1 జాబితా పొడుగ్గా ఉంటుంది. తాత కట్టిన పెంకుటిల్లు తీసేసి అక్కడే స్లాబు వేసుకోవచ్చు. హైదరాబాద్‌లో పరిస్థితి తలకిందులు. ఇక్కడి పేదల్లో అత్యధికులు ఎల్-2లోకే వస్తారు. లెక్క వేసి చూద్దాం. శివారు కాలనీలో గజం 50 వేలు అనుకుంటే అరవై గజాల స్థలం 30 లక్షలు. ఆ స్థలంలో ఇల్లు కట్టుకోవడానికి ప్రభుత్వం ఇచ్చేది 5 లక్షలు. అంటే స్థలం, నిర్మాణం కలిపిన ఖర్చులో ఈ సాయం ఏడో వంతుకు మించదు. ఒకవేళ స్థలం ఉన్నా, బస్తీల్లో చాలామందికి ఉండేది నోటరీ కాగితం. రిజిస్టర్డ్ దస్తావేజు ఉండదు.

స్థలం లేనివారికి స్థలం కూడా ఇస్తామన్నది ఎన్నికల హామీ. నగరంలో అంత భూమి ఎక్కడిదని బీఆర్‌ఎస్, బీజేపీ అడుగుతున్నాయి. బస్తీల్లో తక్కువ ఎత్తు అపార్ట్‌మెంట్లు కట్టే ఆలోచన గురించి ప్రభుత్వం మాట్లాడుతోంది. అదే జరిగితే, పేరు ఏదైనా, మళ్లీ ఐడీహెచ్ కాలనీ నమూనాకే తిరిగి వచ్చినట్టు.

కేంద్రం వాటా, పేరు తగువు

ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ విభాగం 2015లో మొదలైంది. అందులో పట్టణ పేదల ఇంటికి కేంద్రం 1.5 లక్షలు ఇచ్చేది, 2024లో వచ్చిన రెండో విడతలో ఈ సాయం గరిష్ఠంగా 2.5 లక్షలు. డబుల్ బెడ్‌రూం ఇళ్లలో కేంద్రం సొమ్ము ఉన్నా పేరు చెప్పలేదని, లబ్ధిదారుల జాబితాలు పంపలేదని బీజేపీ అప్పట్లో తప్పుపట్టింది. కేంద్రం ఇచ్చేది ఖర్చులో చిన్న భాగమేనని బీఆర్‌ఎస్ బదులిచ్చింది. ప్రభుత్వం మారినా తగువు మారలేదు. ఇందిరమ్మ పేరు పెడితే కేంద్ర నిధులు రావని 2025 జనవరిలో కేంద్ర మంత్రి బండి సంజయ్ అన్నారు. ఫలకం మీద ఎవరి పేరుండాలన్న గొడవకు ఇంతకంటే చోటు ఇవ్వనవసరం లేదు.

మధ్యతరగతికి ఎందుకు అందడం లేదు?

పథకాల దరఖాస్తుకు అర్హత లేని, టవర్‌లో ఫ్లాట్ కొనే స్తోమత లేని వర్గం ఒకటి మధ్యలో ఉంది. 1,200 చదరపు అడుగుల ఫ్లాట్, చదరపు అడుగు 6,000 అనుకుందాం. ధర 72 లక్షలు. నిర్మాణంలో ఉన్న ఫ్లాటుకు జీఎస్టీ 5 శాతం, అంటే 3.6 లక్షలు. రిజిస్ట్రేషన్ ఖర్చు 7.5 శాతం, అంటే 5.4 లక్షలు. పార్కింగు, క్లబ్ హౌస్ కలపకముందే 81 లక్షలు.

ధరలో ఎనభై శాతం, అంటే 57.6 లక్షలు అప్పు తీసుకుంటే, ఎనిమిదిన్నర శాతం వడ్డీతో ఇరవై ఏళ్లకు నెలసరి వాయిదా సుమారు 50 వేలు. జీతంలో నలభై శాతం వాయిదాకు పోతుందనుకున్నా, ఇంటికి లక్షా పాతిక వేలు తెచ్చే కుటుంబమే దీని జోలికి వెళ్లగలదు. నెలకు 40 వేలు వచ్చే కుటుంబం కట్టగలిగే వాయిదా 16 వేలు. ఆ వాయిదాకు దొరికే అప్పు పద్దెనిమిది లక్షల చిల్లర.

అందుబాటు గృహం అంటే ఏమిటో కేంద్రం జీఎస్టీ నిబంధనల్లో నిర్వచించింది. హైదరాబాద్ వంటి మహానగరాల్లో 60 చదరపు మీటర్ల లోపు కార్పెట్ (గోడల లోపలి) వైశాల్యం, 45 లక్షల లోపు ధర. అలాంటి ఇంటికి పన్ను ఒక్క శాతమే. 2019లో పెట్టిన ఆ 45 లక్షల గీటు లోపల కొత్త ఫ్లాట్ చూపించమంటే హైదరాబాద్‌లో ఏ బ్రోకరైనా ఔటర్ దాటించి తీసుకెళ్తాడు.

భూమి అమ్మేదీ ప్రభుత్వమే, చౌక ఇల్లు ఇస్తాననేదీ ప్రభుత్వమే

నా దృష్టిలో వివాదానికి అసలు కేంద్రం ఇక్కడ ఉంది. 2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్ వేలంలో ఎకరం గరిష్ఠంగా 100.75 కోట్లు పలికింది. 2025లో రాయదుర్గంలో అది 177 కోట్లకు చేరింది. ఖజానాకు సంతోషం. ఇంత ధర ఎలా పలుకుతుంది?

హైదరాబాద్‌కు దేశంలో అరుదైన వెసులుబాటు ఒకటి ఉంది. స్థలం వైశాల్యానికి ఎన్ని రెట్లు నిర్మాణం చేయవచ్చో చెప్పే కొలతను ఎఫ్‌ఎస్‌ఐ అంటారు. వెయ్యి గజాల స్థలంలో అన్ని అంతస్తులూ కలిపి నాలుగు వేల గజాలు కడితే ఎఫ్‌ఎస్‌ఐ నాలుగు. చాలా నగరాల్లో దీనికి పరిమితి ఉంటుంది. హైదరాబాద్‌లో 2006లో జీవో 86 ఆ పరిమితిని ఎత్తేసింది. రోడ్డు వెడల్పు, చుట్టూ వదలాల్సిన ఖాళీ (సెట్‌బ్యాక్), ఎత్తు అనుమతులు సరిపోతే ఎన్ని అంతస్తులైనా వేయవచ్చు. యాభై అంతస్తులు దాటిన టవర్లు కోకాపేటలో లేవడానికి కారణం అదే.

ఇక లెక్క. ఎకరం అంటే 43,560 చదరపు అడుగులు. బిల్డర్ పది రెట్లు కట్టగలడనుకుంటే 4,35,600 చదరపు అడుగుల నిర్మాణం. చదరపు అడుగు 10,000కు అమ్ముడవుతుందనుకుందాం. నిర్మాణం, వడ్డీ, ఫీజులకు 6,000, లాభం 1,500 తీసేస్తే భూమికి పెట్టగలిగేది 2,500. దాన్ని మొత్తం నిర్మాణంతో గుణిస్తే 108.9 కోట్లు. వేలంలో అతను పాడగలిగే గరిష్ఠ పాట అది. అదే నాలుగు రెట్లే కట్టాలన్న పరిమితి ఉంటే పాట 43.56 కోట్ల దగ్గర ఆగుతుంది.

చూడండి, ఫ్లాట్ ధర రెండు సందర్భాల్లోనూ 10,000గానే ఉంచాను. అదనంగా వచ్చిన అంతస్తుల విలువ భూమి ధరలోకి వెళ్లింది, కొనేవాడి జేబులోకి రాలేదు. పరిమితి లేని ఎఫ్‌ఎస్‌ఐ వల్ల ఇళ్లు ఎక్కువై ధరలు తగ్గుతాయన్న వాదనను విమర్శించేవారు చెప్పేది ఇదే. దీనికి బిల్డర్ల వైపు నుంచి బలమైన జవాబు ఉంది: ఒక్క స్థలం చూసి తేల్చకండి, నగరమంతా ఇలా కట్టడం వల్లే చాలాకాలం హైదరాబాద్ ధరలు ముంబయి, బెంగళూరులంత పెరగలేదు. నిజానికి పై లెక్కలో 10,000 అన్న అమ్మకం ధర ఎప్పటికీ నిలకడగా ఉండదు. ఒకేసారి వేల ఫ్లాట్లు వస్తే అది దిగాలి. అయితే 100 కోట్లకు భూమి కొన్నవాడు ధర తగ్గించడం కంటే కట్టడం ఆపేయడానికే మొగ్గు చూపుతాడు. సరఫరా సూత్రం హైదరాబాద్ పడమటి దిక్కున పాఠ్యపుస్తకంలోలా పనిచేయకపోవడానికి అదొక కారణం.

రాజకీయంగా చూస్తే ఇక్కడ పాత్రలు మారాయి గానీ సంభాషణలు మారలేదు. 2021లో కోకాపేట వేలంలో కుంభకోణం జరిగిందని అప్పటి పీసీసీ అధ్యక్షుడు రేవంత్ రెడ్డి ఆరోపించారు. 2025లో ఆయన ప్రభుత్వం కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల అభివృద్ధికి దిగినప్పుడు బీఆర్‌ఎస్, బీజేపీ వ్యతిరేకించాయి. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయ విద్యార్థులు ఆందోళన చేశారు, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు అక్కడి పనులన్నీ ఆపమంది. అధికారంలో ఉన్నవారికి వేలం ఆదాయ మార్గం, లేనివారికి ప్రజల ఆస్తి అమ్మకం.

కొత్త భూమి ఎక్కడి నుంచి? జీవో 111, కర్మాగారాల స్థలాలు

భూమి ధర తగ్గాలంటే కట్టదగిన భూమి పెరగాలన్నది ఒక వాదన. ఈ వాదనతోనే రెండు పెద్ద నిర్ణయాలు వచ్చాయి.

మొదటిది జీవో 111. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల రక్షణ కోసం 1996లో తెచ్చిన ఈ ఉత్తర్వు 84 గ్రామాల్లో, సుమారు 1.32 లక్షల ఎకరాల్లో నిర్మాణాలపై ఆంక్షలు పెట్టింది. నగరానికి ఇప్పుడు కృష్ణా, గోదావరి నీళ్లు వస్తున్నాయి కనుక ఆంక్షలు అవసరం లేదని 2022 ఏప్రిల్‌లో జీవో 69 ద్వారా బీఆర్‌ఎస్ ప్రభుత్వం సడలించింది, 2023 మేలో పూర్తిగా రద్దు చేయాలని మంత్రివర్గం నిర్ణయించింది. కొత్త నిబంధనలు రాకముందే ఎన్నికలు వచ్చాయి. తమ పొలాలను పాతికేళ్లుగా పక్క గ్రామంలోని ధరలో సగానికి కూడా అమ్ముకోలేకపోయామన్నది అక్కడి రైతుల బాధ. ముందే భూములు కొని పెట్టుకున్న పెద్దలకే లాభమని నాడు కాంగ్రెస్ అంది. ఈ జలాశయాలు 1908 తరహా వరదలను ఆపడానికి కట్టినవి, తాగునీటి అవసరం తీరినంత మాత్రాన ఆ అవసరం తీరలేదని పర్యావరణవేత్తలు గుర్తు చేశారు. ఈ మూడో వాదనకు జవాబు చెప్పడం కష్టం.

రెండోది 2025 నవంబరులో వచ్చిన పారిశ్రామిక భూముల మార్పిడి విధానం. ఒకప్పుడు ఊరవతల ఉన్న బాలానగర్, జీడిమెట్ల, నాచారం, కాటేదాన్ వంటి 22 పారిశ్రామికవాడల్లోని సుమారు 9,292 ఎకరాలను నివాస, వాణిజ్య వినియోగానికి మార్చుకునే వీలు కల్పించారు. ఎదుటి రోడ్డు వెడల్పును బట్టి రిజిస్ట్రేషన్ విలువలో 30 లేదా 50 శాతం రుసుము కట్టాలి. కాలుష్యం ఔటర్ అవతలకు పోతుంది, నగరం మధ్యలో ఇళ్లకు చోటు దొరుకుతుంది, ఇవి ప్రభుత్వ భూములు కావు, యజమానులవే అన్నది ప్రభుత్వ వాదన. ఇది 5 లక్షల కోట్ల రూపాయల కుంభకోణమని కేటీఆర్ ఆరోపించారు. బీజేపీ కూడా వ్యతిరేకించింది.

ఎందుకింత తేడా? ఊహాజనితంగా ఒక ఎకరం తీసుకుందాం. రిజిస్ట్రేషన్ విలువ 10 కోట్లు, బహిరంగ మార్కెట్లో 40 కోట్లు. యజమాని 30 శాతం లెక్కన కట్టేది 3 కోట్లు. ప్రభుత్వం తనకు 3 కోట్లు వచ్చిందంటుంది. ఉపాధి కల్పిస్తాడని ప్రభుత్వం ఒకప్పుడు చౌకగా ఇచ్చిన భూమి మీద యజమానికి పదుల కోట్లు మిగిలాయని ప్రతిపక్షం అంటుంది. ఒకే ఎకరాన్ని రెండు వైపుల నుంచి కొలిచినప్పుడు రెండు అంకెలు వస్తాయి. అక్కడ 50 అంతస్తుల విలాస టవర్లు వస్తాయా, కార్మికులు ఉండగలిగే ఇళ్లు వస్తాయా అన్నది మరో ప్రశ్న. ఆ చర్చ కుంభకోణం కేకల్లో పెద్దగా వినిపించలేదు.

ఎవరి లెక్కలోనూ లేని ఇళ్లు, వాటి కూల్చివేత

పేదలకు హైదరాబాద్‌లో ఎక్కువ ఇళ్లు కట్టింది ప్రభుత్వమూ కాదు, బిల్డర్లూ కాదు. అనుమతి లేని లేఅవుట్లలో, ప్రభుత్వ స్థలాల్లో, చెరువు అంచుల్లో జనం కట్టుకున్నవే ఎక్కువ. వీటిని చట్టంలోకి తేవడానికి ప్రభుత్వాలు ప్రయత్నిస్తూనే ఉన్నాయి. 2014 డిసెంబరులో వచ్చిన జీవో 58 ప్రభుత్వ స్థలంలో 125 గజాల లోపు ఉన్న పేదల ఇళ్లను ఉచితంగా క్రమబద్ధీకరించింది. 2020లో లేఅవుట్ల క్రమబద్ధీకరణకు రాష్ట్రవ్యాప్తంగా సుమారు 25 లక్షల దరఖాస్తులు వచ్చాయి. అప్పుడు క్రమబద్ధీకరణ రుసుము వద్దన్న కాంగ్రెస్, 2025లో 25 శాతం రాయితీ ఇచ్చి అదే రుసుము వసూలు చేసింది. అప్పుడు వసూలుకు సిద్ధమైన బీఆర్‌ఎస్, ఇప్పుడు ఉచితంగా చేయమంటోంది.

2024 జూలైలో చెరువుల ఆక్రమణలను తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా ఏర్పడ్డాక చెరువుల ఎఫ్‌టీఎల్, బఫర్ జోన్ అన్న మాటలు ఇంటింటా వినిపించాయి. చెరువు నిండినప్పుడు నీరు పరుచుకునే హద్దు ఎఫ్‌టీఎల్. దాని చుట్టూ వదలాల్సిన ఖాళీ బఫర్, పెద్ద చెరువులకు 30 మీటర్లు. మూసీ ఒడ్డున కూడా తొలగించాల్సిన ఇళ్లకు గుర్తులు వేసి, ఖాళీ చేసినవారికి డబుల్ బెడ్‌రూం ఇళ్లు ఇచ్చారు. చెరువులు మింగేస్తే వరదలో మునిగేది పేదల బస్తీలేనని ప్రభుత్వం అంటుంది, అది అబద్ధం కాదు. రిజిస్ట్రేషన్ చేసి, పన్ను కట్టించుకుని, కరెంటు మీటరిచ్చి ఇప్పుడు కూల్చడమేమిటని ప్రతిపక్షాలు అడిగాయి. వారాంతంలో నోటీసుకు గడువివ్వకుండా కూల్చడాన్ని హైకోర్టు కూడా తప్పుపట్టింది.

సరఫరా లెక్కలో దీని అర్థం వేరు. మూసీ ఒడ్డు కుటుంబానికి ఇచ్చిన డబుల్ బెడ్‌రూం ఇల్లు నగరానికి అదనంగా వచ్చిన ఇల్లు కాదు. ఒకటి పోయి ఒకటి వచ్చింది. లాటరీ కోసం చూస్తున్నవారికి దక్కాల్సిన ఇళ్లలో ఒకటి తగ్గింది కూడా.

అద్దె ఇంటికి పట్టా ఉండదు

పైన చెప్పిన పథకాలన్నీ సొంత ఇంటి గురించే. నగరానికి వలస వచ్చిన నిర్మాణ కూలీ, సెక్యూరిటీ గార్డు, కోచింగ్ కోసం అమీర్‌పేట వచ్చిన యువకుడు సొంత ఇల్లు అడగడం లేదు. పనికి దగ్గరలో, నీళ్లు వచ్చే ఒక గది సరసమైన అద్దెకు కావాలి. 2020లో కేంద్రం అద్దె గృహ సముదాయాల పథకం తెచ్చింది, ఆవాస్ యోజన రెండో విడతలో కూడా అద్దె ఇళ్లకు ఒక విభాగం పెట్టింది. హైదరాబాద్‌లో ఏ పార్టీ ప్రచారంలోనూ దానికి చోటు దక్కలేదు. అద్దె ఇంటికి పట్టా ఉండదు, పట్టా పంచే సభ ఉండదు, తాళంచెవి అందుకునే ఫోటో ఉండదు. నోటరీ కాగితం మీద ఉన్న బస్తీ ఇంటిపైన అనుమతి లేకుండా లేచిన రెండో అంతస్తు గదే ప్రస్తుతానికి ఈ నగరంలో చౌక అద్దె ఇల్లు. ఆ గదిని నియమాలు అక్రమం అంటున్నాయి. అది పోతే అందులో ఉన్నవాడు వెళ్లేందుకు ఎల్-1, ఎల్-2, ఎల్-3ల్లో ఏ జాబితా లేదు.